ఆరో గ్రీన్ వాలు

ఆరో గ్రీన్ వాలు తిరగబడిపోయింది.

గోల్ఫ్ గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన, ఎండ ఇంకా పడని తడి గడ్డి మీద చెప్పులు విప్పి నిలబడిన ఆమెకు ఆ సంగతి మొదట అరికాళ్ళు చెప్పాయి. అనుమానం తీరక ఒక బంతిని గుంట వైపు మెల్లగా తోసింది. బంతి కుడికి ఒరిగి జారిపోయింది. చేతిలో, వాలులు తాను గీసుకున్న పుస్తకంలో బాణం మాత్రం ఎడమకు చూపిస్తోంది. నేల తిరగబడదు. అంటే తిరగబడింది పుస్తకమే. నిన్న అంతమంది ముందు ఆమె నమ్మింది ఆ పుస్తకాన్నే.

గోల్ఫ్ క్లబ్బులో గడ్డి పనివాళ్ళతో కలిసి ఆరేళ్ళుగా పనిచేస్తోంది ఆమె. రోజూ పొద్దున్నే పొడుగాటి కర్రతో గ్రీన్ల మీది మంచు దులుపుతుంది. భర్త అదే క్లబ్బులో బంతిని గుంటలోకి దొర్లించడం నేర్పే మాస్టారు. ఏ గ్రీన్ ఎటు వాలిందో చిటికెలో చెప్తాడని అందరూ వాలు మాస్టారు అంటారు. ఉద్యోగులకి పెట్టిన రెండు రోజుల పోటీలో గెలిచినవాళ్ళకి, ఆడవాళ్ళ కోసం కొత్తగా మొదలుపెట్టే పాఠాలు అప్పజెప్తామన్నారు. ఆమె పేరిచ్చింది. జీవితంలో ఆమె తనంతట తాను కావాలనుకున్నది అదొక్కటే.

నిన్న, పోటీ మొదటి రోజు, ఆరో గ్రీన్ దగ్గర బంతి వెనక గొంతుక్కూర్చుని చూడాలంటే సిగ్గేసింది. వెనకంతా మగవాళ్ళు. గుంట అవతలికి, పల్లం వైపుకి నడిచి అక్కణ్ణించి ఎత్తు చూడటం ఆమె పద్ధతి. నాలుగడుగులు వేసేసరికి "ఊరేగింపు ఎంతవరకొచ్చింది?" అన్నారెవరో. ఆగిపోయింది. మందపాటి బూట్లలో కాళ్ళు మొద్దుబారాయి. ఆ బూట్లు భర్త కొన్నవే. "ఉత్త కాళ్ళతో తిరిగితే నన్ను చూసి నవ్వుతారు" అన్నాడు. ఎడమ అనిపించలేదామెకు. కానీ ఎన్నేళ్ళుగానో "నీకు మతిమరుపు" అని వినీ వినీ, తన రాత మీద ఉన్న నమ్మకం తన మతి మీద లేకుండా పోయింది. పుస్తకం చూసి కొట్టింది. బంతి పల్లంలోకి దొర్లిపోయింది. పదకొండు దగ్గరా అంతే, పదిహేను దగ్గరా అంతే.

"పర్వాలేదమ్మా, మీకిది కొత్తేగా" అన్నాడు క్లబ్బు కార్యదర్శి.

"కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు సార్, ఇదేం గుర్తుంటుంది" అన్నాడు భర్త. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బంతి తప్పినందుకు కాదు, వాళ్ళతో కలిసి తన మీద తానే నవ్వినందుకు, ఇప్పుడు ఒంటరిగా నిలబడి కూడా చెవులు కాలిపోతున్నాయి.

వాలు ఆమెకి ఎవరూ నేర్పలేదు. కాపురానికి వచ్చిన ఇంట్లో స్నానాలగది గచ్చు వంకరగా వేశారు. అందరూ స్నానాలు చేసి వెళ్ళాక మూలల్లో నిలిచిన నీళ్ళని చీపురుతో తూము దాకా తోలడం ఆమె పని. "నీళ్ళెటు పోతాయో తెలీని దానివి ఇల్లేం చక్కదిద్దుతావే" అనేది అత్తగారు. ఏ బండ ఏ పక్కకి వెంట్రుకవాసి దిగిందో పదహారేళ్ళలో పాదాలకి పట్టుబడింది. అలాంటి విద్య ఒకటి తనకుందని చెప్పుకోవడం కూడా ఆమెకి నామోషీగానే ఉండేది.

పేజీని వెలుగుకేసి ఎత్తి చూసింది. రబ్బరు పెట్టి చెరిపిన చోట కాగితం నూగులేచి ఉంది. ఆరు, పదకొండు, పదిహేను. ఆ మూడే. ఆమె బాణానికి ముక్కు రెండు గీతలే. ఈ మూడింటికీ ముక్కు నిండా నలుపు దిద్ది ఉంది. పాఠాలు చెప్పేటప్పుడు బోర్డు మీద అలా ఓపిగ్గా నింపేది ఒక్కరే. తెలిసిపోయాక కూడా కాసేపు అతని తరఫున తానే సాకులు వెతికింది. పొరపాటు పడ్డాడేమో. మంచికే దిద్దాడేమో. తప్పు చేసింది అతను, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనిది ఆమెకి.

అభ్యాసం చేసే గ్రీన్ దగ్గర అతనొక్కడే ఉన్నాడు. ఓ మూల పోయిన వారమే మట్టి వేసి సర్ది కొత్త గడ్డి పరిచారు. దాని సంగతి ఇంట్లో ఆమె ఇంకా ఎత్తలేదు. ఆ మూల బంతి పెట్టింది.

"ఏమండీ, ఇదెటు తిరుగుతుంది?"

"ముందు బూట్లేసుకో. జనం వచ్చే వేళయింది."

"వేసుకోను. ఇవాళ ఇలాగే ఆడతాను. కార్యదర్శి గారినడిగి వచ్చా, ఉత్త కాళ్ళకి అడ్డు లేదన్నారు. చెప్పండి, ఎటు?"

అతను వంగాడు. ఒక కన్ను మూసి బంతి కొట్టే కర్రని కంటి ముందు వేలాడదీశాడు. లేచి అటు నడిచాడు, ఇటు నడిచాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"కుడికి."

"కొట్టండి."

బంతి ఎడమకు తిరిగి, గుంటకి జానెడు అవతల ఆగింది.

"గాలి" అన్నాడు.

ఆకు కూడా కదలడం లేదు. ఇన్నేళ్ళూ ఇలాంటప్పుడు మాట అందించి అతన్ని ఒడ్డున పడేసింది ఆమే. ఈసారి అందించకూడదనుకుంది. నిలబడటానికి కష్టంగానే ఉంది, అయినా నిలబడింది.

"ఆ మూడు బాణాలూ ఎందుకు దిద్దారు?"

అతను వంగి బంతిని చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే దిద్దాను" అన్నాడు. "నువ్వు స్నానానికెళ్ళినప్పుడు. గెలిస్తే పాఠాలు నీకిస్తారు. నువ్వు నోరు విప్పి చెప్తే, ఇవన్నీ మా మాస్టారి మాటలే కదా అనుకుంటారు మొదట్లో. తర్వాత ఎవరో ఒకరు నన్ను కొత్త చోట నిలబెట్టి, ఇదెటు అని అడుగుతారు. నువ్విప్పుడు అడిగినట్టే. రోజూ అన్నం తింటూ గ్రీన్ల సంగతి ఎందుకడిగేవాణ్ణనుకున్నావు? నీ మీద ప్రేమతో అనుకున్నావు కదూ. నాకు వాలు కనిపించదు. ఎప్పుడూ కనిపించలేదు."