విదిలించుకున్న చెయ్యి

సెలవు దొరికితే చాలు కొండదారి పట్టే ఆ దర్జీని వీధిలో అందరూ కొండముచ్చు అనేవాళ్లు. పైకి విసుక్కున్నా, ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే. వాళ్ల అక్క మొగుడు బేకరీలో పిండి పిసికే మనిషి. భారీ శరీరం, నడకంటే బద్ధకం. "మీ బావని కూడా ఒకసారి తీసుకెళ్లరా, కాస్త గాలి మారుతుంది" అని అక్క పోరితే, పువ్వుల్లో పెట్టి తీసుకొస్తానని మాటిచ్చాడు.

ఏటి వెంబడే దారి. వానలు అప్పుడే వెలిశాయేమో, గట్ల మీద పసుపు పూలు విరగబూశాయి. రాతి పగుళ్లలో వంకాయరంగువి, గోరంత. బావ ఆయాసపడుతూనే ప్రతిదాని దగ్గరా ఆగి పేరడిగాడు. దర్జీకి ఒక్కటీ తెలియదు. ఇన్నేళ్లుగా ఎక్కడమే తప్ప వంగి చూసింది లేదు. పేర్లతో ఏం పని, పదమని తొందరపెట్టాడు.

జలపాతం కింద ఏరు దాటాలి. తుంపర పడి పడి రాళ్లన్నీ నాచు పట్టాయి. కాస్త ఎగువన చెక్క వంతెన ఉంది, అటు పోదామన్నాడు బావ. అది ముసలివాళ్లకని నవ్వి, దర్జీ చెయ్యి అందించాడు. ఏటి నడుమ బావ కాలు జారింది. ఆ బరువంతా ఒక్కసారిగా భుజాన్ని లాగేసరికి తనూ కొట్టుకుపోతానని దర్జీ భయపడ్డాడు. చెయ్యి విదిలించుకున్నాడు.

బావ రాళ్లకు కొట్టుకుంటూ మడుగులో పడ్డాడు. ఎలాగో ఒక వేరు దొరకబుచ్చుకున్నాడు. అప్పుడు పరిగెత్తి, తువ్వాలు అందించి ఒడ్డుకు లాగాడు దర్జీ. బావ ముంజేయి విరిగింది.

ఇంటికొచ్చాక, బావమరిది లాగకపోతే తాను ఏటిపాలేనని బావ అందరికీ చెప్పాడు. అబద్ధమూ కాదది. అక్క కళ్లు తుడుచుకుని తమ్ముడి తల నిమిరింది. ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. చేతి కట్టు విప్పేదాకా దర్జీ రోజూ తెల్లారకముందే బేకరీకి పోయి బావ బదులు పిండి పిసికాడు. ఇలాంటి బావమరిది ఇంటికొకడుండాలని యజమాని అన్నప్పుడు, తల తీసుకెళ్లి ఆ పిండిలోనే దూర్చేయాలనిపించింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "అక్కకి నిజం ఎందుకు చెప్పలేదు బావా?"

"భయం ఎవరికైనా భయమేరా. మీ అక్కకి పుట్టింటివైపు నువ్వొక్కడివే ఉన్నావు. ఆ ఒక్క దిక్కూ లేకుండా చెయ్యడానికి మనసు రాలేదు."

ఆ మాట కంటే నాలుగు తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే, వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"అక్కడ వంతెన లేదా?"

ఉందన్నాడు.

"మీ బావ అటు పోదామన్లేదా?"

అన్నాడని ఒప్పుకున్నాడు. ఆమె మళ్లీ కత్తి అందుకుంది.

తర్వాత కూడా అక్క అన్నం పెట్టింది, పలకరించింది, తన బట్టలు అతని దగ్గరే కుట్టించుకుంది. కానీ బావ అతనితో వీధి చివరికి బయల్దేరినా సరే, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకొచ్చి ఎక్కడికని అడుగుతుంది. బావ నవ్వుతూ ఏదో చెబుతాడు. ఆమె చూపు తమ్ముడి మీది నుంచి కదలదు. అతను తల దించుకుని, వెళ్లే చోటూ తిరిగొచ్చే వేళా చెబుతాడు.