సున్నం ముంతల కల్లు

ఓబులేసు కల్లంగడి మూతపడి పదిహేనేళ్ళు దాటింది. పాకను వానలు తినేశాయి, బల్లలు ఎవరెవరి పొయ్యిల్లోకో పోయాయి, ఓబులేసు కూడా పోయాడు. అయినా ఆ అంగడి మాలకొండమ్మ ఇంటి ముందు రోజూ సాయంత్రం తెరుచుకునేది. తెరిచేవాడు గంగాధరం. వలలు ఆరేసి వచ్చి, ఆమె మొగుడు ఆదెయ్య పక్కన ఇసుకలో చతికిలబడి, "ఆ రేత్రుళ్ళు యాడికి పోయినాయిరా ఆదెయ్యా!" అని నిట్టూర్చాడంటే ఇక ఆ పూటకు విముక్తి లేదు.

"తాటాకు దొప్ప చేతిలో ఉంటే కలెక్టరు కూడా మనకి లెక్క గాదు గదరా. ఆ ఎండ్రకాయల పులుసు! విడవలూరు రైతులు బండ్లు కట్టుకోని వచ్చి మన పక్కనే కూచునేవోళ్ళు. కోడి కూసిందాకా పాటలే పాటలు."

"నువ్వు పడవని ఇల్లనుకోని అందులో పడుకోలా?" అనేవాడు ఆదెయ్య.

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ ఆ ఎండ్రకాయలు కాస్త లావెక్కేవి, పాటలు కాస్త పొడుగయ్యేవి. పోనీ అంత బెంగ ఉన్నవాళ్ళు చాటుమాటుగా దొంగసారా తాగారా అంటే అదీ లేదు. పోలీసు టోపీ కనిపిస్తే చాలు, ఇద్దరూ పడవల చాటుకు దూరతారు. ఉన్న మగతనమంతా మాటల్లోనే.

చేపలు ఉప్పులో వేస్తూ మాలకొండమ్మ ఆ సోదంతా వినేది. ఒక్క చెవితోనే వినేది. రెండోది ఆ రాత్రుళ్ళకే పోయింది. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు ఆదెయ్య తెల్లవారుజామున అంగడి నుంచి వచ్చి, అన్నం చల్లగా ఉందని ఎడమ దవడ మీద కొట్టాడు. కొన్నాళ్ళు ఆ చెవిలో హోరు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. మర్నాడు ఆదెయ్య మంచి వంజరం చేప ఒకటి తెచ్చి ఆమె బుట్టలో వేసి, "నేను గాదుమే కొట్టింది, కల్లు" అన్నాడు.

ఆ జాలర్ల పాలెంలో అది అందరూ ఒప్పుకున్న మర్యాద. తాగి చేసింది కల్లు ఖాతాలో పడుతుంది. పొద్దున చేప బుట్టలో పడితే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తిన ఆడదానిదే తప్పు. మాలకొండమ్మ ఎత్తలేదు. ఎత్తకపోవడమే కాదు, నిజంగానే నమ్మింది. మొగుణ్ణి క్షమించి, ఉన్న కసంతా కల్లు మీద పెట్టుకుంది. సర్కారు మద్యనిషేధం పెట్టి అంగడి మూసేసిన రోజున గంగమ్మకు పొంగలి పెట్టింది. ఆ రోజు నుంచి ఆదెయ్య ఆమె మీద చెయ్యెత్తలేదు. మనిషి మంచోడు, పాడు కల్లే అంతా చేసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళూ అతనికి కూడు వండింది, పక్కలో పడుకుంది. అదొక్కటీ పోతే ఆమె కాపురంలో మిగిలేది ఏమీ లేదు.

గంగాధరం మీద మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. తన చెవి పోయిన రాత్రుళ్ళను వీడు బంగారు రాత్రుళ్ళంటాడా అని.

ఆ ఎండాకాలం చిన్నపోలయ్య ఆమె దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను తాటిచెట్లు గీసేవాడు. సర్కారు అతనికి తాటిబెల్లం వండుకోవడానికే లైసెన్సు ఇచ్చింది. అందుకని ముంతల లోపల సున్నం పూసి చెట్టుకు కట్టాలి. సున్నం పూసిన ముంతలో తాటినీరు తియ్యగానే ఉంటుంది, పులవదు, మత్తెక్కదు. ఆ సున్నం మాలకొండమ్మదే. కాలవలో గుల్లలు ఏరి, కాల్చి, అతనికి అమ్మేది.

"అక్కా, గంగాధరం, మీ ఆయన నన్ను పీక్కుతింటా ఉండారు. ఒక్క పూట సున్నం లేకండా ముంతలు కట్టమంటారు. ఎవరన్నా అడిగితే బెల్లం నీళ్ళని చెప్పి పాత అంగడి కాడే కూచోని తాగతారంట. కట్టకపోతే కొడతామంటారు. కడితే నా లైసెన్సు పోతాది. ఏం చేసేది?"

మాలకొండమ్మ పడీపడీ నవ్వింది.

"సున్నం పూసే కట్టు. నీళ్ళు దించినాక మా ఇంటి పులిసిన గంజి కలుపు, చింతపండు పిసికి పొయ్యి. పైనుంచి ఎత్తి పోస్తే నురగ అదే వస్తాది. ఇన్నేళ్ళకి ఆ రుచి ఎవడికి గుర్తుంది?"

గంజి కుండ తనే ఎత్తి ఇచ్చింది. వెధవలకు ఈ మాత్రం శాస్తి కావాల్సిందే అనుకుంది. అంతకు మించి ఆమె మనసులో ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం ఓబులేసు అంగడి ఉన్న చోటు నుంచి పాటలు వినిపించాయి. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకడు విడవలూరు రైతులను పేరు పెట్టి తిడుతున్నాడు. మాలకొండమ్మ గడపలో కూర్చుని తనలో తనే నవ్వుకుంది. గంజి తాగి ఊగుతున్న మొగుడు ఇంటికి రాగానే ఎలా ఆట పట్టించాలా అని మాటలు కూడా వెతుక్కుంది.

దీపాలు పెట్టే వేళకు ఆదెయ్య వచ్చాడు. తూలుతూ వచ్చాడు. గుంజ పట్టుకుని, కళ్ళు సగం మూసి, "కూడు పెట్టవేమే, లంజా" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే చెయ్యి పడింది. అదే ఎడమ దవడ మీద. పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ చేతికి దారి గుర్తుంది.

ఆమెకు నొప్పి తెలియలేదు. ఆమె అతని చేతినే చూస్తూ నిలబడింది. ఆ చేతిలో కల్లు లేదు. తన గంజి ఉంది, తన సున్నం ఉంది. ఒక్క చుక్క మత్తు లేదు. అతను కూడు తిని, గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఆమెకు కన్ను మూతపడలేదు. అంటే ఆనాడు కూడా ఇతనే కొట్టాడు. ఎప్పుడూ ఇతనే కొట్టాడు. అంగడి మూసేసిన రోజు నుంచి ఇతను కల్లు దొరక్క కాదు, నెపం దొరక్క ఊరుకున్నాడు. ఇన్నేళ్ళు నమ్మినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దున పడవలు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్ళు బుట్టలతో నిలబడ్డారు. గంగాధరం అప్పుడే మొదలుపెట్టాడు. "అబ్బబ్బా, అచ్చం ఆ రోజులే! దోవ కనపడితే ఒట్టు!"

ఆదెయ్య వంజరం చేప ఒకటి ఏరి తెచ్చి మాలకొండమ్మ బుట్టలో వేశాడు. అలవాటైన ముద్దుమాటతో, అందరూ వినేలా అన్నాడు: "నేను గాదుమే కొట్టింది, కల్లు."

"యాడి కల్లు?" అంది మాలకొండమ్మ.

ఆ ప్రశ్న పాలెంలో అంతవరకూ ఎవరూ వేయలేదు. వలలు దులుపుతున్న చేతులు ఆగిపోయాయి.

"ముంతలకి సున్నం పూయించింది నేను. మీరు తాగింది మా ఇంటి పులిసిన గంజి, చింతపండు నీళ్ళు. చిన్నపోలయ్యని పిలిచి అడగండి. చెప్పు ఆదెయ్యా, నన్ను గంజి కొట్టిందా, చింతపండు కొట్టిందా?"

ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"అబద్ధం! నాకు తల తిరిగింది" అని గంగాధరం అరిచాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. అందరూ అతని పెళ్ళాం రాఘవమ్మ వైపు చూశారు. పొద్దుట్నుంచీ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగును రాఘవమ్మ తీసేసింది. పై పెదవి చిట్లి వాచి ఉంది.

మాలకొండమ్మ బుట్టలోంచి వంజరం తీసి ఇసుకలో పారేసింది. ఖాళీ బుట్ట చంకలో పెట్టుకుని నడిచింది. ఆదెయ్య వెనకాలే పరుగెత్తి వచ్చి, పక్కన నడుస్తూ, గొంతు తగ్గించి ఏదో చెప్పసాగాడు. బతిమాలుతున్నాడో, బెదిరిస్తున్నాడో. అతను నడుస్తున్నది ఆమెకు ఎడమ వైపున.

ఆమె తల తిప్పలేదు.