కుర్చీ మీద ఖాకీ చొక్కా

చేనుపనికి పోయే ఆడవాళ్ళం చీర మీద మగవాళ్ళ పాత చొక్కా ఒకటి తొడుక్కుంటాం. అది లేకపోతే ఎండకు చేతులు కాలిపోతాయి. నాది మా ఆయన పీర్ మహమ్మద్ చొక్కా. కళ్యాణదుర్గం రోడ్డు మీద ఆటో తోలేటప్పుడు వేసుకున్న ఖాకీది. ఆయన పోయాక తక్కిన బట్టలన్నీ అడిగినవాళ్ళకు ఇచ్చేశాను. ఇదొక్కటి పనికొస్తుందని ఉంచుకున్నాను.

ఆ సాయంత్రం శనక్కాయ చెట్లు పెరికి ఇంటికొచ్చేసరికి నా కూతురు ఆరీఫా కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. చొక్కా విడిచి తలుపు దగ్గరి కుర్చీ మీద వేసి, గోడకు చేరగిలబడ్డాను.

కుర్చీలు, సోఫాలు అమ్మేవాళ్ళకు కంప్యూటర్‌లో బొమ్మలు చేసే పని దానిది. బొమ్మలో గది ఉంటుంది, కిటికీ ఉంటుంది, కిటికీలోంచి ఎండ కూడా పడుతుంది. నిజంగా అందులో ఏదీ లేదు. బెంగళూరు నుంచి తేజ అనే అతను పని పంపుతాడు. ఈ నెల చూసి, బాగుంటే ఉంచుకుంటాం అన్నాడు. ఈసారి పంపింది ఒక కుర్చీ. దాని మీద, ఇంటికొచ్చిన మనిషి అప్పుడే విడిచిన చొక్కా ఉండాలి. కుర్చీ మొదటి రోజే అయిపోయింది. చొక్కానే కుదరడం లేదు.

"మళ్ళా వద్దన్నారా?" అని అడిగాను.

"వద్దన్నారు. రేపు సాయంత్రానికి ఇంకొకటి పంపల్లంట. అదీ బాగలేకుంటే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారంట. ఇంగ నీ జతకు శనక్కాయ చేనుకు వస్తాలే, పద."

ఆ మాట అది నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. చేనుకొస్తే దానికీ ఒక మగవాళ్ళ చొక్కా వెతకాలి. నేను చేసే పనుల్లో ఏదైనా దానికి రావచ్చు గానీ, ఆ చొక్కా తొడుక్కునే పని రాకూడదని నేను ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

లేచి పోయి బొమ్మ చూశాను. కుర్చీ వీపుకు చొక్కా తొడిగినట్టుంది. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి, కాలరు నిలబడి ఉంది, చేతులు రెండు పక్కలా ఒకే తీరుగా వేలాడుతున్నాయి.

"బాగనే ఉండాది కదే."

"బాగుండాది. అదే తప్పంట. అంగట్లో పెట్టినట్టుండాది, మనిషి ఇడిసినట్టు లేదు అంటాడు తేజన్న."

నాకు ఆ చొక్కా ఎవరిదో తెలిసిపోయింది. మా ఆయన అట్లాగే పెట్టేవాడు. ఎంత దుమ్ములో పడి వచ్చినా, గుమ్మంలో దులిపి, భుజాలు సరిచేసి, కుర్చీకి తొడిగేవాడు. పొద్దున మళ్ళీ అదే వేసుకోవాలి, నలగకూడదు.

"మీ నాయన చొక్కానే కదా ఇది?"

"ఇంకెవురిది చేస్తా?" అంది ఆరీఫా.

మొదట చేసినప్పుడు బొమ్మలో గుడ్డ కుర్చీలోంచి దూరిపోయి నేల మీద పడిందట. తర్వాత కంపచెట్టుకు తగులుకున్న ప్లాస్టిక్ కవరు మాదిరి రెపరెపలాడిందట. "గుడ్డ బరువెంతో, బిగువెంతో అంతా మనమే చెప్పల్లమ్మా. చెప్పకుంటే కంప్యూటర్‌కేం తెలుసు?" అంటూ నీళ్ళ కోసం లేచింది. లేచినది తలుపు దగ్గరి కుర్చీని చూసి ఆగిపోయింది.

నేను చొక్కా తీసి కొక్కేనికి తగిలిద్దామని చేయి చాచాను.

"అమ్మా, ముట్టుకోవద్దు!"

"ఏమే, తేలుండాదా?"

"తేలు లేదు, ఏమీ లేదు. ఉండనీ అట్ల."

అప్పుడు చూశాను నేను కూడా. ఒక భుజం జారిపోయింది. ఒక చేయి తిరగబడి లోపలి కుట్లు బయటికొచ్చాయి. ఇంకో చేయి నేలకు ఆనింది. కాలరు లోపలికి ముడుచుకుపోయింది. చంకల దగ్గర చెమట ఎండి గుడ్డ అట్టగట్టింది. నాకు సిగ్గేసింది.

"ఉతకని చొక్కాను ఊరందరికీ చూపిస్తావా ఏమి?"

"మురికి చెయ్యన్లేమ్మా. అది పడిన తీరు మాత్రం చేస్తా."

ఫోను పట్టుకుని కుర్చీ చుట్టూ తిరిగింది. కింద కూర్చుని ఫోటోలు తీసింది, పీట ఎక్కి తీసింది.

"తీసుకుంటివి కదా, ఇంగ ఎత్తుదునా?"

"ఫోటోలో అన్ని మడతలూ కనపడవు. నా పని అయ్యేదంకా ఉండనీ."

పొద్దున్నే పనివాళ్ళ ఆటో సందు చివర హారన్ కొట్టింది. ఆరీఫా బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. కంప్యూటర్ మాత్రం తన పని తాను చేసుకుంటోంది. చొక్కా కుర్చీ మీదే ఉంది, ఒక్క మడత చెదరలేదు. చేయి చాచి, వెనక్కి తీసుకుని, ఉత్త చీరతోనే పోయి ఆటో ఎక్కాను.

"ఏమక్కా, ఈపొద్దు పెండ్లికూతురు మాదిరి వస్తివి? చొక్కా యాడ?" అంది పక్క వీధి ఉమాదేవి.

"కుర్చీలో కూచోనుండాది. లేయనంటాది."

"దాని అదృష్టమమ్మా! మనల్ని యావడు కూచోబెడతాడు?"

ఆటోలో అందరూ నవ్వారు.

వానలు ముందే ఆగిపోయాయి, నేల బిగుసుకుంది. చెట్టు లాగితే తీగ తెగి చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది. కొంగు చేతులకు చుట్టుకున్నాను. వంగిన ప్రతిసారీ జారింది. కాసేపటికి దాన్ని వదిలేశాను. మధ్యాహ్నం గాలి లేచింది. గాలి లేస్తే మా ఊళ్ళో కరెంటు పోతుంది. కరెంటు పోతే ఆరీఫా పని ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. చెట్లు పెరుకుతూనే ఊరి వైపు చూశాను. అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది? దుమ్ము తప్ప.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆరీఫా లేదు, బిందెలు లేవు. కొళాయి వచ్చినట్టుంది. కంప్యూటర్ వెలుగుతోంది. కరెంటు పోలేదన్నమాట.

బల్ల మీద ఫోను మోగి ఆగింది. తేజ నుంచి మెసేజ్. అతను తెలుగులోనే రాస్తాడు. కూడబలుక్కుని చదివాను. 'చొక్కా ఓకే. కుర్చీ రంగు మార్చమన్నారు. వచ్చే నెల పని కూడా నీకే.' నమ్మకం కుదరక మళ్ళీ చదివాను.

తర్వాత బొమ్మ వైపు చూశాను. పెద్ద గది, నున్నటి నేల. కుర్చీ మీద నీలం చొక్కా. మరక లేదు, చెమట లేదు. కానీ భుజం అట్లాగే జారి ఉంది, చేయి తిరగబడి ఉంది. మా ఆయన ఏనాడూ చొక్కా అట్లా విడవలేదు. ఇన్నాళ్ళూ ఆయన చొక్కా, ఆయన చొక్కా అంటూ తొడుక్కున్నాను. అంత పెద్ద గదిలోకి కూడా నా అలసటే పోయి కూర్చుంది.

ఆరీఫా వచ్చింది. మెసేజ్ సంగతి చెప్పాను. చంకలో బిందె దించకుండా గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"నాయనది పెట్టల్లని శానా చూస్తినమ్మా," అంది.

"యావురిదైతే ఏమిలే. పనైంది కదా."

"చేతులు చూడు, కమిలిపోయినాయి! నన్ను లేపకూడదా?"

"లేపితే చొక్కా ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు," అంది, సిగ్గుపడి నవ్వింది. "తీసుకో ఇంగ. వచ్చే నెల సోఫా అంట, దాని మీద దుప్పటి."

"దుప్పటి నాతోనే కప్పించుకుంటావేమో."

కుర్చీ దగ్గరకు పోయి చొక్కా ఎత్తాను. తిరగబడిన చేతిలోకి నా చేయి పెట్టి బయటికి లాగాను. దులిపి, ఆయన పెట్టినట్టే భుజాలు సరిచేసి కుర్చీకి తొడుగుదామనుకున్నాను. ఒక భుజం తొడిగాను. రెండోదానికి ఓపిక లేకపోయింది. వదిలేసి, నీళ్ళు తాగడానికి పోయాను.