ఏడుగురికి ఒకటే ముక్కు

విశాఖపట్నంలో నాలుగేళ్లు బొమ్మల చదువు చదివి చక్రి పోర్ట్‌బ్లెయిర్ తిరిగొస్తే వాళ్ల పేట మిడిల్ పాయింట్‌లో నవ్వనివాడు లేడు. "బొమ్మలు గీస్తే కూడొస్తాదేటి, భయ్యా?" అనేవారు. టీకొట్టు నడిపే తల్లి అసిరమ్మ మాత్రం గ్లాసు బల్లకేసి కొట్టి చెప్పేది: "వస్తాది. సూస్తుండండి."

ఆర్నెల్లు తిరక్కుండానే సునామీ వచ్చింది. కూడూ వచ్చింది.

దూరపు దీవి హట్‌బేలో ప్రాణాలు దక్కించుకుని పోర్ట్‌బ్లెయిర్ వచ్చి రేకుల షెల్టర్లలో పడ్డ తెలుగువాళ్లకి ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు, పోయినవాళ్ల ఫోటోలూ పోయాయి. దండ వేయడానికి ఒక మొహం కావాలి. చెబితే విని గీసేవాడు చక్రి ఒక్కడే. మొదట్లో రెండేసి రోజులు కూర్చునేవాడు, గీసేవాడు, చెరిపేవాడు. తర్వాత విసుగొచ్చింది. ఏడుపులోంచి ముక్కు ఎలాంటిదో, గడ్డం ఎలాంటిదో ఎవడు ఏరుకుంటాడు? కాలేజీలో ఒక ప్లాస్టర్ ఆడబొమ్మ తలని నాలుగేళ్లూ గీయించారు. ఆడమనిషి అనగానే చెయ్యి దాన్నే గీసేది. వాళ్లు చెప్పిన ముక్కుపుడకో, మచ్చో, చీర అంచో దానికి తగిలించేవాడు. ఏడుస్తున్న కళ్లు కాదనలేదు. అసిరమ్మ కొట్టుకి కొత్త పైకప్పు పడింది. నవ్విన నోళ్లే "ఆర్టిస్ట్ సాబ్" అన్నాయి.

ఏడాది తిరిగిన రోజున షామియానా వేశారు. మూడుచోట్ల షెల్టర్లలో ఉన్నవాళ్లంతా ఎవరి బొమ్మ వాళ్లు తెచ్చి ఒకే బల్ల మీద నిలబెట్టారు. చక్రికి శాలువా కప్పుతామని కబురు పెడితే అసిరమ్మ కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది.

బల్ల మీద తొమ్మిదిమంది ఆడవాళ్లు. ఏడుగురిది ఒకటే మొహం.

తల్లిని పోగొట్టుకున్న సరోజిని ముందు చూసింది. "అరే, నూకన్న మావా! మాయమ్మా, రత్నమత్తా కవలలేటి?"

ఎవరూ నవ్వలేదు. అసిరమ్మ ఒక్కో బొమ్మ ముందూ ఆగింది. చివరి దాకా చూసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. కొడుకు వైపు తిరగను కూడా లేదు.

రత్నం మొగుడు, పడవ నడిపే నూకన్న బొమ్మలన్నీ తడిమి, ముక్కుపుడక చూసి ఒకటి గుండెలకి పెట్టుకున్నాడు. "ఇదే మాది."

చక్రి వెళ్లి అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయింది మావా. మళ్లీ గీస్తాను. అత్త ఎలాగుండేదో మొదటికాడ్నించి సెప్పు. ఎన్ని రోజులైనా కూకుంటాను."

నూకన్న కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు.

"ఏటి సెప్పమంటావు, బాబూ? ఏడాదిగా దీనికే దణ్ణం ఎడతన్నాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఇదే అగుపడతాంది. రత్నం రావట్లేదు."

అవతల ఇదేమీ తెలియని, సభ నడిపే అప్పలరాముడు శాలువా కప్పడానికి మైకులో చక్రి పేరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చక్రి తల ఎత్తలేదు.