చీటీల వెనకవైపు

"ఆ చీటీలు అలా బల్ల మీద వదిలెయ్యకే, ఎగిరిపోతాయి," అన్నాను. అప్పటికింకా ఏమీ జరగలేదు. ఫ్యాన్ కూడా తిరగడం లేదు.

"కరెంటే లేదమ్మా," అంది మా అమ్మాయి, తల ఎత్తకుండా.

"వస్తుందిగా! వచ్చినప్పుడు నువ్వు ఇంట్లో ఉంటావని ఏంటి నమ్మకం?"

"నువ్వు భయపడనిది ఈ ఇంట్లో ఏదైనా ఉంటే చూపించు. దాని పక్కన కూచుని రాసుకుంటాను."

ఆ చీటీలు రాయించింది కూడా నా భయమే. మూడేళ్ళ కిందట తను పరిశోధనలో చేరినప్పుడు, అంతా కంప్యూటర్‌లోనే ఉంటే అది పాడైపోయిన రోజున ఏం చేస్తావని నేను రోజూ సతాయించాను. నా పోరు పడలేక, పుస్తకాల్లో తనకు కావలసిన మాట కనబడినప్పుడల్లా ఒక చీటీ మీద కూడా రాసుకోవడం మొదలుపెట్టింది. పాత ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం ఏది దొరికినా నాలుగు ముక్కలు చేసేది. ఖాళీవైపు పెన్నుతో ఆ మాట, పైన ఒక నంబరు. మొత్తం రెండు వందల పన్నెండు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆ మాటల్లో సగం నాకు అర్థం కావు గానీ, నంబర్లు అర్థమవుతాయి. పదిహేనేళ్ళుగా లాండ్రీలో నా పనే అది. వచ్చిన ప్రతి బట్టకూ లోపలివైపు ఎర్రదారంతో నంబరు గుడ్డ కుడతాను.

ఆ సోమవారం నాకు సెలవు. అమ్మాయి వాళ్ళ గైడు మేడంని కలవడానికి పొద్దున్నే వెళ్ళింది. తొమ్మిది రోజుల్లో తను రాస్తున్న పరిశోధన పుస్తకం అప్పగించాలి. పదకొండింటికి కరెంటు వచ్చింది, ఫ్యాన్ తిరిగింది, రెండు చీటీలు ఎగిరి మంచం కిందకు పోయాయి. చెప్పానా లేదా! ఫ్యాన్ ఆపేసి, మోకాళ్ళ మీద పాకి రెండూ పట్టుకొచ్చాను. తర్వాత పొడుగాటి నోటుపుస్తకం ఒకటి, గమ్ సీసా ఒకటి తీసుకుని కూర్చున్నాను. ఒకటి నుంచి రెండు వందల పన్నెండు దాకా, వరస తప్పకుండా, అంచులు లేవకుండా నిండుగా గమ్ రాసి అంటించాను. వెనకవైపు పాత అచ్చు ఉంది. దాని అంచున పెన్సిల్ గీతలేవో ఉన్నాయి. చిత్తు కాగితం కదా, ఎవరో పిచ్చిగీతలు గీశారనుకున్నాను. సాయంత్రానికి నడుము పట్టేసింది గానీ, మనసు నిమ్మళించింది. ఇక తుఫాను వచ్చినా ఒక్కటి కదలదు.

అమ్మాయి వచ్చి నోటుపుస్తకం తెరిచింది. ఒక పేజీ తిప్పింది. ఇంకొకటి తిప్పింది. ఒక చీటీ అంచు గోటితో లేపి చూసింది, లేవలేదు.

"అమ్మా, వెనక రాసినవి?"

"వెనక ఏం రాశావే? చిత్తు కాగితమేగా!"

మా అమ్మాయి నోటుపుస్తకం మూసింది. అలాగే నేల మీద కూర్చుండిపోయింది. చిన్న గొంతుతో చెప్పింది. ముందువైపు ఉన్నవన్నీ ఇతరుల మాటలు. అవి ఎవరు, ఏ పుస్తకంలో, ఏ ఏడు, ఏ పేజీలో అన్నారో వెనక ఉంది. తప్పు పడితే చెరిపి దిద్దుకోవచ్చని పెన్సిల్‌తో రాసింది. కంప్యూటర్‌లో మాటలూ, వాటి నంబర్లూ మాత్రమే ఎక్కాయి. వెనకవైపుది ఆఖరి వారం కూర్చుని ఒక్కసారే ఎక్కిద్దామనుకుంది.

"అవి లేకపోతే?"

"ఇవన్నీ నేను దొంగిలించిన మాటలవుతాయి. నిరుడు మా సీనియర్ ఒకతని పుస్తకం వెనక్కి ఇచ్చేశారు. ఇప్పుడు ఎదురుపడితే తల దించుకుని పోతాడు."

దొంగ అంటారు, కాలేజీ నుంచి పంపేస్తారు, పేపర్లో ఫొటో వేస్తారు. ఒక్క నిమిషంలో అంతా కళ్ళకు కట్టింది. "నీ చదువు పోయినట్టేనా బుజ్జీ?" అని అడిగాను. తిట్టినా బాగుండేది. నా మీద గిన్నె విసిరినా బాగుండేది. చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆ నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని లాండ్రీకి వెళ్ళాను. నేను తమ్ముడూ అని పిలిచే ఇస్త్రీ అబ్బాయికి చూపించాను. ఎంత మొండి ముడతైనా అతని చేతిలో లొంగాల్సిందే.

"అక్కా, ఇన్నాళ్ళూ చొక్కాలకి ఆవిరి పట్టాం. ఇప్పుడు చదువుక్కూడానా?" అన్నాడు.

"నవ్వకు తమ్ముడూ, నా బిడ్డ బతుకు ఇందులో ఉంది."

అతను నవ్వు ఆపి ఆవిరి గొట్టం కిందకు దించాడు. పలచటి గుడ్డ పరిచి ఆవిరి వదులుతుంటే, దారపు ముక్కలు పీకే నా చిన్న పట్టకారుతో చీటీ మూల పట్టి లాగాను. మొదటిది మెల్లగా ఊడి వచ్చింది. ముందువైపు పెన్ను రాత నీలంగా కారిపోయింది; ఆ మాటలు కంప్యూటర్‌లో ఉన్నాయిగా, పోతే పోనీ. తిప్పి చూస్తే వెనక పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. ఆ పూట నాకు ఏడుపు వచ్చింది ఒక్కసారే, అప్పుడే.

రెండు రోజులు, మధ్యాహ్నం తిండి వేళల్లో అదే పని. రెండు వందల ఒకటి బాగానే వచ్చాయి. పదకొండు మాత్రం చిరిగి, వెనక పొర నోటుపుస్తకానికే ఉండిపోయింది. అమ్మాయికి ఇచ్చాను. ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంది. నాతో ఒక్క మాట లేదు. ఐదు రోజులు లైబ్రరీలో కూర్చుని పదకొండింటిలో ఏడు వెతికి పట్టుకుంది. నాలుగు దొరకలేదు. ఏ పుస్తకంలో చదివిందో తనకే గుర్తు లేదు. గడువు ఇంకా రెండు రోజులే ఉంది. ఇంట్లో ఫ్యాన్ నేను ఆపినది ఆపినట్టే ఉంది. ఇద్దరం చెమటలు కక్కుతూ తిరుగుతున్నాం.

"ఆ నాలుగింటికీ ఏదో ఒక పేరు, ఏదో ఒక పేజీ వేసెయ్యవే," అన్నాను ఆ సాయంత్రం. "రెండు వందల్లో నాలుగు. ఎవరు తీసి చూస్తారు?"

అప్పుడు నావైపు తిరిగింది. వారంలో మొదటిసారి.

"మీ లాండ్రీలో నంబరు ఊడిపోయిన చొక్కా వస్తే ఏం చేస్తావమ్మా?"

ఏం చేస్తాం? వెనక గదిలో ఒక కమ్మీ ఉంది, దానికి తగిలిస్తాం. దిక్కులేని కమ్మీ అంటాం దాన్ని. ఎవరో వచ్చి, గుర్తు చెప్పి, తమదేనని నిరూపించుకునే దాకా ఏళ్ళకేళ్ళు అక్కడే వేలాడాలి. ఊహించి ఎవరికీ ఇవ్వకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పుతాను ఆ మాట. అదే చెబుదామని నోరు తెరిచాను. కానీ బయటికి వచ్చింది వేరే.

"ఒకసారి ఊహించి ఇచ్చాను," అన్నాను. "చేరిన కొత్తలో. బూడిదరంగు చొక్కా. ఒకాయన తనది కనబడలేదని అరుస్తుంటే, భయపడి, ఇదే అయ్యుంటుందని ఇచ్చేశాను. ఆయన మారుమాట్లాడకుండా పట్టుకుపోయాడు. వారం తిరక్కుండా ఒక పెద్దాయన వచ్చాడు. బూడిదరంగుదేనమ్మా, చేతి మడత కింద కాలిన చిల్లు ఉంటుంది, నేనే రఫ్ఫు చేసుకున్నాను అన్నాడు. ఆ చిల్లు నేను చూశాను బుజ్జీ. మీది అసలు రాలేదండీ అని చెప్పాను. మా ఓనరమ్మ నన్నే నమ్మింది. పెద్దాయన ప్రతి వారం వచ్చి కౌంటరు దగ్గర నిలబడి, దొరికిందామ్మా అని అడిగేవాడు. కొన్నాళ్ళకు రావడం మానేశాడు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే ఆయనేమో అనుకుంటాను. ఈ సంగతి మీ నాన్నకు కూడా చెప్పలేదు."

మా అమ్మాయి బల్ల దగ్గరికి జరిగింది. తడి ఆరి ముడుచుకుపోయిన ఆ నాలుగు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. మూడో అధ్యాయమంతా వాటిలో ఒకదాని మీదే నిలబడిందని నాకు తెలుసు. అది పోతే అధ్యాయం మళ్ళీ రాయాలి, గడువు దాటిపోతుంది, మళ్ళీ ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మేడం మారిపోతే? దీనికి విసుగొచ్చి మొత్తం వదిలేస్తే? కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి కిక్కు మీద కిక్కు కొడుతున్నారు, అది అందుకోవడం లేదు. చివరికి బండిని తోసుకుంటూ పోయిన చప్పుడు కూడా వినపడకుండా పోయింది. నేను బట్టలు మడతపెట్టాను. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

"మరి ఏం చేస్తావే?" అన్నాను ఇక ఉండబట్టలేక.

అమ్మాయి లేచింది. నాలుగు చీటీలూ ఒక కవరులో పెట్టి, దాన్ని గోడ మేకుకు తగిలించింది.

"ఈ నాలుగు మాటలూ పుస్తకంలోంచి తీసేస్తానమ్మా," అంది. "రేపు మేడంకి ఉన్నదున్నట్టు చెప్తాను. ఈసారికి అప్పగించలేను. దొరికినప్పుడు పెట్టుకుంటాను." నా ముఖం చూసి కాస్త ఆగింది. "ముందు ఆ ఫ్యాన్ వెయ్యి. ఉడికిపోతున్నాం."