ఎదురుమాటకు సరిపడా ఊపిరి

ఎనిమిదో అంతస్తులో పొద్దున లేవగానే కిటికీ రెక్కల మీద పేరుకున్న మంచును గరిటెతో గీకి పారేయడం కోడలి పని. నాలుగుసార్లు గీకితే ఒకసారి కూర్చోవాలి. అక్కడి గాలి అంత పలచన. ఆమె పుట్టిల్లు అదే మేడలో అన్నిటికంటే కింద. అక్కడ ఏడాది పొడుగునా ఉక్కే, భుజం మీంచి తువ్వాలు దిగదు. పైకెక్కేవాళ్ళు మూడో అంతస్తులో స్వెట్టరు తొడుక్కుంటారు, ఆరో అంతస్తులో మాటలు ఆపేస్తారు. మేడలన్నాక అంతే కదా.

మామగారి తాత పదిమంది చుట్టాలతో పైకి కాపురానికి వచ్చాడట. గాలి పడనివాళ్ళు నెల తిరక్కుండా దిగిపోయారు. పడినవాళ్ళు ఉండి పిల్లల్ని కన్నారు, ఆ పిల్లల్లోనూ ఊపిరి ఆడినవాళ్ళే నిలిచారు. మూడు తరాలు తిరిగేసరికి ఆ అంతస్తులో అందరికీ బీరువాల్లాంటి ఛాతీలు వచ్చాయి. అత్తగారూ అక్కడి పిల్లే. స్టవ్ వెలిగిస్తూ తిట్టు అందుకుంటే పాలు పొంగేదాకా మధ్యలో ఊపిరి తీసుకోదు.

కోడలు పెళ్ళికి ముందు కింద బట్టలు కుట్టేది. ఒకరోజు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన గడియారాల రిపేరు అబ్బాయి ఛాతీకి ఆమె టేపు చాల్లేదు. పెద్ద టేపు తెప్పిస్తానని చెప్పి తలెత్తేసరికి అతను స్టూలు మీద నిద్రపోతున్నాడు. కింది చిక్కటి గాలి తగిలితే పైవాళ్ళకి కళ్ళు మూతలు పడతాయి. అలా నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ నిద్రపోయాడు. ఐదోసారి పెళ్ళి మాటలకి వచ్చాడు, అప్పుడూ నిద్రపోయాడు.

పైకొచ్చాక కోడలికి నోట్లో నాలుక లేదని పేరొచ్చింది. నాలుక లేకపోవడమేం, బ్రహ్మాండంగా ఉంది. లేనిది ఊపిరి. అత్తగారు పదిమాటలంటే తను రెండు అనేసరికి ఆయాసం వచ్చి గోడ పట్టుకునేది. చూసినవాళ్ళు ఎంత అణకువో అనుకునేవారు.

కోడలు కడుపుతో ఉండగా, ఐదో నెలలో నాలుగో అంతస్తు డాక్టరమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది. తల్లికి గాలి చాలడం లేదు, అందుకే బిడ్డ ఎదగడం లేదు అంది. ఏడో నెల నిండేలోపు ఊపిరి కుదుటపడకపోతే కిందికి దిగిపోవాలనీ, కింద పుట్టి పెరిగే బిడ్డను మళ్ళీ పైకి తేవద్దనీ చెప్పింది. కిందికెళితే మొగుడు నిద్రపోతాడు, పైన ఉంటే బిడ్డ ఎదగదు. ఆ రెండు నెలలూ మొగుడూ పెళ్ళాలు ఆ సంగతి ఎత్తకుండానే దాని గురించే దిగులుపడ్డారు.

ఏడో నెల చివరి రోజు రానే వచ్చింది. ట్రంకుపెట్టెకు తాళ్ళు కట్టారు. కోడలు బిడ్డ చొక్కాకి ఆఖరి గుండీ కుడుతోంది. అత్తగారు పాలు స్టవ్ మీద పెట్టి, ఏడుపు దిగమింగుకుంటూ తిట్టడం మొదలుపెట్టింది. ఆవిడకి ఏడుపొస్తే చేతనైంది అదొక్కటే.

"ఇదేం చొక్కా? ఛాతీ ఇంతేనా? మా ఇంటి బిడ్డకి కింది కొలత పెడతావా?"

కోడలు తలెత్తింది.

"కింద పుడుతుందనే కదత్తయ్యా కింది కొలత పెట్టాను, నాకేమన్నా దిగాలని సరదానా, మా ఆయన్ని చూడాలంటే ఇక నిద్రలోనే చూడాలి, ఏడాదిన్నర బట్టీ మీరేమన్నా పడ్డాను, కూరలో ఉప్పెక్కువన్నారు, మంచు సరిగా గీకలేదన్నారు, గరిటె నేనే అరగదీశానన్నారు, ఆ గరిటె నేను కాపురానికి వచ్చేనాటికే సగముంది, ఊపిరి చాలక ఊరుకున్నాను గానీ మాటల్లేక కాదు, ఈ ఇల్లన్నా మీరన్నా నాకు ఇష్టం లేకపోతే రోజూ ఆయాసపడుతూ ఎందుకున్నాననుకున్నారు..."

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. అత్తగారు మెల్లగా వచ్చి కోడలి కడుపు మీద చెయ్యి వేసింది.

"మధ్యలో ఒక్కసారన్నా ఆగావటే?"

కోడలు ఆలోచించింది. ఆగలేదు. ఆయాసమూ రాలేదు.

"అది నీ ఊపిరి కాదే పిచ్చిదానా. లోపలిది మా తాతల ఛాతీతో వచ్చింది. తను పీల్చుకుని నీకింత పెడుతోంది." ఆవిడ కళ్ళు తుడుచుకుని కొడుకుని కేకేసింది. "ఒరేయ్, పెట్టె తాళ్ళు విప్పు."

డాక్టరమ్మ వచ్చి గొట్టం పెట్టి విని, మళ్ళీ విని, బిడ్డ ఎదుగుతోందనీ ఇక దిగక్కర్లేదనీ చెప్పి టీ తాగి వెళ్ళింది.

సాయంత్రం కోడలు ఆ చిన్న చొక్కా కుట్లు విప్పి, ఛాతీ దగ్గర రెండంగుళాల గుడ్డ అతుకుతోంది. అత్తగారు గరిటెను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ పక్కన చేరింది.

"నిజంగా నేనే అరగదీశానంటావా?"

"మీరేనత్తయ్యా," అంది కోడలు. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. సూది పక్కన పెట్టి, తీరిగ్గా మొదలుపెట్టింది.