ఆచారి గోటికి దొరికిపోయాను

నేను ఒక పిరికి పనిముట్టును. జానెడు ఉక్కు కాడను, రెండు చివర్లా చిన్న గరిటెల్లా వంగి ఉంటాను. పళ్ళ డాక్టరు పెట్టెలో నా చుట్టూ ఉన్నవన్నీ కోసేవి, పీకేవి, తొలిచేవి. నేనొక్కదాన్నే ఏమీ కొయ్యకూడదు. కోశానా, ఇక అంతే సంగతులు.

నా పనేమిటో చెబుతాను. పై దవడలో వెనకపళ్ళు ఊడి ఏళ్ళు గడిస్తే అక్కడి ఎముక కరిగిపోతుంది. దానికి సరిగ్గా పైన, చెంప లోపల ఒక గాలి గది ఉంది. జలుబు చేసినప్పుడు బరువెక్కి మిమ్మల్ని ఏడిపించే సైనస్ అదే. కింద ఎముక తరిగిన కొద్దీ అది కిందికి జారుతుంది. ఇంప్లాంటు బిగించడానికి ఎముక కావాలి కదా! అందుకని చెంప వైపు నుంచి ఎముకలో చిన్న కిటికీ తెరుస్తారు. కిటికీ వెనక ఆ గదికి అస్తరులా ఒక పొర ఉంటుంది. కోడిగుడ్డు పెంకు లోపలి పొర ఎంత ఉంటుందో అంతే. దాన్ని చిరగకుండా ఎముక నుంచి విడదీసి, పైకి లేపి, ఆ ఖాళీలో ఎముక పొడి నింపుతారు. విడదీసి లేపేది నేను. పొర చిరిగితే అక్కడి నుంచి గాలి బుడగ వస్తుంది. లోకంలో నేను భయపడేది ఆ బుడగకే.

కార్ఖానాలో పదకొండు సార్లు మెరుగు పెట్టించుకుని బయటికి వచ్చాను. చివరి బల్ల దగ్గర ఒకావిడ నన్ను భూతద్దం కింద తిప్పి తిప్పి చూసింది. నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి మళ్ళీ చాలా ఏళ్ళకు గానీ తగల్లేదు.

ప్రొద్దుటూరులో డాక్టర్ షాహీన్ చేతికి వచ్చాను. ఆమె చెయ్యి ఎంత తేలికంటే, పని చేస్తున్నంతసేపూ నన్ను పట్టుకుందో లేదో అని నాకే అనుమానం వచ్చేది. పని మొదలుపెట్టేముందు ఒకసారి ఊపిరి బిగబట్టేది. ఆమెతో కలిసి తొమ్మిది పొరలు లేపాను. తొమ్మిదిసార్లూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే లేపాను, ఒక్కటీ చిరగలేదు.

తర్వాత నేను కింద పడ్డాను.

సిస్టర్ సువార్త కడుగుతుండగా సబ్బు చేతిలోంచి జారి గచ్చు మీద మోగాను. ఆమె గబుక్కున తీసి, ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూసింది. నాకు దెబ్బ తగిలిందేమోనని మాత్రం చూడలేదు. మనుషులకు అటు చూడడమే ముందు తోస్తుందనుకుంటాను. నా ఒక చివర అంచు మీద వెంట్రుకవాసి మొన లేచింది. కంటికి ఆనదు. నాకు మాత్రం తెలుసు.

పదో మనిషి కుర్చీలో పడుకున్నాడు. పప్పుల మిల్లు ఆయన. కిటికీ తెరిచారు, నన్ను లోపలికి పంపారు. ఆమె చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా నడిచింది. మొన పొరకు తగులుకుంది. ఆగమ్మా, ఆగు అని నాలో నేను ఎంత మొత్తుకున్నా ఉక్కుకు గొంతు ఎక్కడిది? బుడగ వచ్చింది. వెనకే నెత్తురు వచ్చింది. అంతటితో ఆపి, కుట్లు వేసి పంపించారు. ఆయన కొన్నాళ్ళు ముక్కు పట్టుకుని తిరిగి, మెల్లగా కోలుకున్నాడు. డాక్టరమ్మ కోలుకోలేదు. నన్ను సొరుగులో పెట్టి మూసింది. ఎనిమిది నెలలు తియ్యలేదు.

అప్పుడు వచ్చాడు నాగలింగాచారి. నలభై ఏళ్ళుగా బంగారం పని చేస్తున్నవాడు. పైన వెనకపళ్ళు లేవు, డాక్టరమ్మే కట్టిన పళ్ళ సెట్టు పెట్టుకుంటాడు. ఆ సెట్టును జేబురుమాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఊదుగొట్టం నోట్లో పెట్టి ఊదితే ఇది జారతాదమ్మా. ఇది జారితే మంట ఎగరతాది. మొన్న ఒక పుస్తె కరిగిపాయ. అప్పటికి ఇంక నాలుగు దినాల్లో పెండ్లి. ఆ పిల్ల తల్లి నన్ను ఒక్క మాట గూడా అనలా. అదే నన్ను తినేస్తాంది."

"గ్యాసు మంట ఉంది కదా, ఆచారి గారూ?"

"పెద్ద పనులకు సరిపోతాది. పుస్తెకు అతుకు పెట్టాలంటే నోటి గాలే ఉండాల. నాకు కదలని పండ్లు కావాల. లేకుంటే పని మానుకోవాల్సిందే."

ఎక్స్‌రే చూసి ఆమె మెల్లగా చెప్పింది. "మీకు ముందు పొర లేపి ఎముక నింపాలి. అది సరిగ్గా నిలవకపోతే పళ్ళూ నిలవవు. తిరుపతికి పోండి. నేను ఆ ఆపరేషన్ మానేస్తి. పోయినసారి నా చెయ్యి వణికింది."

వణకలేదు! ఆ మాట నాకొక్కదానికే తెలుసు. సొరుగులో పడి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆచారి సెట్టును మళ్ళీ జేబురుమాలులో చుట్టాడు. "నేను గూడా పుస్తె కరిగించినోన్నే గదమ్మా," అన్నాడు. "నువ్వే చెయ్యి. కాకుంటే నా నోట్లోకి పొయ్యే పనిముట్టు నేనొకసారి చూడాల."

నన్ను తెచ్చి ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలి గోటి మీద నా అంచును నెమ్మదిగా లాగాడు. మొదటి చివర నున్నగా జారింది. కాడను తిప్పి రెండో చివర ఆనించాడు. ఆ మొనను పట్టుకుంటే నా బతుకు వంగిన సూదులు పారేసే బుట్టలోనే. పట్టుకోకపోతే ఈ మనిషి పొర కూడా చింపుతాను. రెండో భయమే పెద్దది, అందుకని దొరికిపోవాలనే కోరుకున్నాను.

గోరు ఆగింది.

"ఇది యాడనో పడిండాది."

డాక్టరమ్మ భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని నన్ను దీపం కిందికి తీసుకువెళ్ళింది. గుమ్మంలో నిలబడ్డ సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేతిలోంచే జారింది మేడమ్. పోయిన సంవత్సరం. కడిగి పెట్టేస్తి. చెప్పడానికి భయమేసింది," అని ఏడ్చేసింది.

డాక్టరమ్మ ఆమెను కసురుకోలేదు. నన్ను పక్కన పెట్టి, తన రెండు చేతులూ ముందుకు చాచి వాటినే చూసుకుంటూ నిలబడింది. తర్వాత, "పడితే చెప్పు సువార్తా. ఎప్పుడు పడినా సరే, చెప్పు," అంది.

కొత్తది తెప్పిస్తానంటే ఆచారి ఒప్పుకోలేదు. "ఎవురో చేసిన కొత్తది నాకొద్దుమ్మా. దీని తప్పేందో నాకు తెలుసు. ఇట్లియ్యి, నేను బాగు చేస్తా."

రెండు రోజులు ఆయన కుంపటి పక్కన ఉన్నాను. సన్నటి రాయి మీద, తర్వాత తోలు మీద నన్ను రుద్దాడు. కుంకుడు నీళ్ళతో కడిగాడు. కాస్త అరిగాను, మొన మాత్రం పోయింది. డాక్టరమ్మ భూతద్దాల్లోంచి రెండు చివరలూ చూసి, క్రిములు చావాలని ఒకటికి రెండుసార్లు ఆవిరి పెట్టెలో పెట్టించింది.

ఆపరేషన్ రోజు నాకున్న భయం ఇంకెవరికీ ఉండదనుకున్నాను. కానీ ఆచారి కుర్చీ చేతులను పట్టుకున్న తీరు చూశాక ఆ గర్వం పోయింది. చెంప మొద్దుబారినా మనిషి మెలకువగానే ఉన్నాడు. చిగుళ్ళు తెరిచారు, ఎముకలో కిటికీ తెరిచారు. లోపల నీలంగా ఆ పొర కనిపించింది. డాక్టరమ్మ ఊపిరి బిగబట్టింది. నన్ను ఎముకకు ఆనించి, అంగుళంలో పదో వంతు జరిపింది. ఆగింది. మళ్ళీ జరిపింది. పొర ఎముకను వదలడం నాకు తెలుస్తోంది. అంచు ఎక్కడ పట్టుకుంటుందోనని ప్రతి జరుపులోనూ చస్తూనే ఉన్నాను.

చివరికి నన్ను బయటికి తీసి, ఆయన ముక్కుపుటాలు మూసింది. "ఇప్పుడు కొంచెం, కొంచెమే ఊదండి ఆచారి గారూ."

నలభై ఏళ్ళు మంటను సూది మొనంత చేసి ఊదినవాడికి కొంచెం అంటే ఎంతో ఒకరు చెప్పాలా! పొర చిన్నగా ఉబ్బి, మళ్ళీ కిందికి వాలింది. డాక్టరమ్మా, సువార్తా కిటికీ వైపే చూస్తున్నారు. నేను చూడలేకపోయాను.

"బుడగ లేదు మేడమ్," అంది సువార్త.

ఎముక పొడి నింపి కుట్లు వేశారు. ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, గట్టిగా దేన్నీ పీల్చకూడదు. "ఊదుగొట్టం నేను చెప్పేదాకా ముట్టుకోకూడదు," అని డాక్టరమ్మ ఒట్టు వేయించుకుంది. ఆరు నెలలకు ఇంప్లాంటు మరలు బిగించారు. ఇంకో నాలుగు నెలలకు వాటి మీద పళ్ళు కూర్చోబెట్టారు. ఈలోగా కొత్త పనిముట్ల పెట్టె వచ్చింది, అరిగిన నాకు అక్కడ పని లేకుండా పోయింది. ఆచారి నన్ను అడిగి తీసుకున్నాడు.

ఇప్పుడు ఆయన పీట మీద, ఆకురాయికీ పట్టకారుకూ మధ్య పడుకుని ఉంటాను. డాక్టరమ్మ సరే అన్న మరుసటి ఉదయమే ఒక పుస్తె పని మొదలుపెట్టాడు. అతుకు పెట్టి, కుంపటి రాజేసి, పది నెలలుగా గూట్లో ఉన్న ఊదుగొట్టం తుడిచి పెదాల దాకా తెచ్చి ఆగిపోయాడు. నేను లేపిన పొర, దాని కింద నింపిన పొడి, దాంట్లో దిగిన మరలు, అన్నీ ఒక్క ఊపిరికి నిలవాలి. ఎక్కడో బుడగ చప్పుడు వినిపిస్తుందేమోనని బిగుసుకుపోయాను.

ముక్కుతో మెల్లగా గాలి పీల్చాడు. ఊదాడు.

మంట సన్నగా సాగింది. అతుకు కరిగి సందు నిండింది. పుస్తెను నీళ్ళలో ముంచి తీసి, కళ్ళు మూసుకుని బొటనవేలి గోటి మీద లాగాడు.

గోరు ఎక్కడా ఆగలేదు.